ఆపింది గుండెను, మెదడును కాదు

మొదట నా గొంతు పోయింది. జలుబు లేదు, దగ్గు లేదు. ఒక ఉదయం కంపెనీ బస్సెక్కి డ్రైవర్‌కు నమస్తే చెప్పబోతే లోపలి నుంచి గరగరమని గాలి మాత్రం వచ్చింది. బస్సులో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. రెండు రోజుల్లో సర్దుకుంటుందనుకున్నాను.

పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో, క్యూసీ ల్యాబ్‌లో నా ఉద్యోగం. తయారైన మందులో ఉండాల్సింది ఉందా, ఉండకూడనిది ఏమైనా కలిసిందా అని పరీక్ష చేసి చెప్పే చోటు అది. మేం సంతకం పెట్టకపోతే ఒక్క డ్రమ్ము కూడా గేటు దాటదు. పెళ్లికి ముందు చేరాను. మా అమ్మాయి పుట్టి, పెరిగి, ఉద్యోగానికి పుణె వెళ్లినా నేను అదే ల్యాబ్‌లో ఉన్నాను. ఆ బల్ల ముందు నిలబడటం నాకు ఇంట్లో పొయ్యి ముందు నిలబడటం కంటే ఎక్కువ అలవాటు.

గొంతు బాగవలేదు. ఫ్యాక్టరీకి వచ్చిపోయే డాక్టర్‌కు చూపించుకున్నాను. ఆయన టార్చిలైటు వేసి చూసి, ‘సాల్వెంట్ల వాసన పీలుస్తరు గదా మేడం, గట్లనే ఉంటది. ఉప్పునీళ్లు పుక్కిలించండి’ అన్నాడు. పుక్కిలించాను. మళ్లీ వెళ్లాను, చప్పరించే బిళ్లలు ఇచ్చాడు. వీపు పైభాగంలో కూడా నొప్పిగా ఉంటోందని మూడోసారి చెబితే పెన్ను పక్కన పెట్టి, ‘ఈ వయసుల ఆడోళ్లకు ఇవన్నీ మామూలే. టెన్షన్ తగ్గించుకోండి’ అన్నాడు. నాకు ఏ టెన్షనూ లేదు. ఉన్నది మూగబోతున్న గొంతు. దాని సంగతి ఆయన మూడుసార్లలో ఒక్కసారి కూడా నిజంగా అడగలేదు. ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది. ఆ నెలల్లో ఏ రోజైనా నేను పోయి ఉండేదాన్ని. పోతే టెన్షన్‌తో పోయిందనేవాళ్లు.

నన్ను కదిలించింది మా పక్కింటి ఆపా. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మా కాలనీలో ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆమె చేతిమీదుగా రావాల్సిందే. ఒకరోజు ఏదో కొలత చెబుతుంటే మిషన్ ఆపేసి నా వంక చూసింది.

‘నీ గొంతు గిట్లయ్యి ఎన్ని దినాలాయె?’

‘బతుకమ్మ ముందటి నుంచి.’

‘యా అల్లా. ఇప్పుడు సలికాలం గూడ అయిపోవట్టె. ఇంకా ఉప్పునీళ్లేనా? గొంతు డాక్టర్ కాడికి పోవా నువ్వు? జల్దీ చీర మార్చుకో, నేనొస్త.’

ఆ సాయంత్రమే ఇద్దరం బస్సెక్కి సంగారెడ్డి వెళ్లాం. అక్కడి చెవి-ముక్కు-గొంతు డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి తెర మీద చూశాడు. మాట్లాడమన్నాడు. ‘ఈ’ అనమన్నాడు. కాసేపటికి గొట్టం బయటికి తీసి, ‘అమ్మా, జబ్బు గొంతులో లేదు’ అన్నాడు. స్వరతంత్రుల్లో ఎడమ వైపుది అసలు కదలడం లేదట. దాన్ని కదిలించే నరం నేరుగా గొంతుకు రాదట. ఛాతీలోకి దిగి, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం కింద నుంచి చుట్టి మళ్లీ పైకి ఎక్కుతుందట. ‘కింద ఏదో ఆ నరాన్ని నొక్కుతుంది. రేపే స్కాన్ చేయించండి, ఎల్లుండి వద్దు’ అన్నాడు.

స్కాన్‌లో తెలిసింది. ఆ పెద్ద రక్తనాళం గుండె మీది నుంచి వంపు తిరిగే చోట బుడగలా ఉబ్బింది. ఆ వంపులోంచే మెదడుకు వెళ్లే నాళాలు పైకి చీలుతాయి. బుడగ పగిలితే ఆసుపత్రికి చేరేంత వ్యవధి కూడా ఉండదు.

నగరంలో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాం. మా ఆయనకు పటాన్‌చెరులో మోటార్లు వైండింగ్ చేసే దుకాణం ఉంది. ఆ రోజు దుకాణం మూసేసి వచ్చాడు. మా అన్న కూడా వచ్చాడు. సర్జన్ నా స్కాన్ చూసి, నా గుండె చప్పుడు విని, ‘మీరు కాసేపు బయట కూర్చోండమ్మా’ అన్నాడు. మా ఆయనను, మా అన్నను లోపల ఉంచుకుని తలుపు వేశాడు.

నేను బయట కుర్చీలో కూర్చున్నాను. ఆ తలుపు వెనక నా గుండె గురించి మాట్లాడుతున్నారు. నేను మాత్రం చెప్పులు లేని నా కాళ్లను చూసుకుంటూ ఉన్నాను. వాళ్లు బయటికి వచ్చేసరికి మా ఆయన మొహంలో రక్తం లేదు.

‘ఏమన్నడు?’

‘ఏం లేదు. చిన్న ఆపరేషనే. నువ్వు పరేషాన్ గాకు.’

‘చిన్నదైతే నన్నెందుకు బయట కూసోబెట్టిన్రు?’

మా అన్న కిటికీ వైపు తిరిగాడు. నేను లేచి ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. సర్జన్ తర్వాతి ఫైలు విప్పుతున్నాడు.

‘సార్, వాళ్లకు చెప్పింది నాకు చెప్పండి.’

‘మీ ఆయనకు అన్నీ వివరంగా చెప్పానమ్మా. పేషెంట్లకు చెబితే భయపడతారు, అనవసరంగా బీపీ పెరుగుతుంది.’

‘మీరు కోసేది ఎవరి ఛాతీ సార్?’ అన్నాను. నా గొంతులోంచి వచ్చింది గాలే గానీ, ఆయనకు బాగానే వినిపించింది. ‘నేను రోజూ మందులు పరీక్ష చేసే మనిషిని. భయపడితే నేనే పడతా. చెప్పండి.’

ఆయన ఆ ఫైలు మూసి కుర్చీ చూపించాడు. చెప్పాడు. ఉబ్బిన భాగం కోసి తీసేసి గుడ్డ గొట్టం లాంటిది కుడతారు. అందుకు గుండెను ఆపాలి. వంపు కుట్టేంతసేపు ఒంట్లో రక్తం పారడం కూడా ఆపాలి. అప్పుడు మెదడును కాపాడుకోవడమే అన్నిటికంటే కష్టం. పక్షవాతం రావచ్చు, మాట పోవచ్చు, మనిషి తేడాగా మేల్కోవచ్చు. ఇవన్నీ మా ఆయనకూ, మా అన్నకూ చెప్పి, నాకు చెప్పకుండా పంపేయబోయాడు. ఎవరి మెదడు పోవచ్చో ఆ మనిషికి తప్ప అందరికీ తెలియాలన్నమాట! ఆయన చెడ్డవాడు కాదు. చేతిలో గొప్ప విద్య ఉన్నవాడు, నన్ను బతికించినవాడు. అయినా ఆ తలుపు వేసిన సంగతి మాత్రం నేను మరిచిపోలేదు.

ఆసుపత్రిలో చేరిన రోజు సాయంత్రం ఒక అమ్మాయి నా గదికి వచ్చింది. ఆపరేషన్ జరుగుతున్నంతసేపు గుండె చేసే పని, ఊపిరితిత్తులు చేసే పని ఒక యంత్రం చేస్తుంది. ఆ యంత్రాన్ని నడిపేది తనేనట. నారాయణఖేడ్ వైపు పిల్ల. నా మాట వినగానే, ‘మీది మా జిల్లానే గదా అక్కా’ అని మంచం పక్కకు స్టూలు లాక్కుంది.

‘నాకు మొత్తం చెప్పు. దాచకు’ అన్నాను.

‘దాచనక్కా. ముందుగాల మీ ఒళ్లంతా సల్లగ చేస్తం. సల్లగైతే ఒంటికి ఆకలి తగ్గుతది. అంటే రక్తం తక్కువున్నా తట్టుకుంటది. గుండెకు సల్లటి మందు ఎక్కిస్తం, అది కొట్టుకునుడు ఆపి పండుకుంటది. కొట్టుకోకపోతే దానికి గూడ ఖర్చు తక్కువ. మళ్ల మళ్ల ఆ మందు ఇస్తనే ఉంటం, ఎండిపోనియ్యం.’

‘మరి మెదడు?’

‘దాన్ని మాత్రం ఉపాసం ఉంచం.’ తన కుడి భుజం కింద వేలితో చూపించింది. ‘ఇక్కడ చేతికి పొయ్యే నాళంల నుంచి ఒక గొట్టం పెడతం. ఒళ్లంతా రక్తం ఆపినంక గూడ, ఆ దారిల మెదడుకు మాత్రం సల్లటి రక్తం పోతనే ఉంటది. నొసటి మీద రెండు పట్టీలు అంటిస్తం. మెదడుకు ఆక్సిజన్ అందుతుందా లేదా నా ముందట తెర మీద కనబడుతది. ఒక పక్క తగ్గినా ఎంటనే సార్‌కు చెప్త.’

‘నువ్వు సూస్తనే ఉంటవా?’

‘నేను అటిటు సూడనక్కా. ఆ టైముల నా పనే అది.’

‘అయినా ఏమన్న అయితే?’

‘కావచ్చు. కాదని చెప్తే అబద్ధం అయితది. కానీ మేం అందరం అక్కడ ఉండేదే అది కాకుండ సూసుకోనీకి.’

ఆ రాత్రి నిద్రపట్టింది. నిజం తెలిస్తే నాకు భయం పెరగలేదు. తెలియకుండా కుర్చీలో కూర్చున్నప్పుడే పెరిగింది.

ఆపరేషన్ గురించి నాకు తెలిసింది లేదు. ఒక గొంతు మాత్రం, చాలా దూరం నుంచి, ‘కళ్లు తెరవండి. నా వేళ్లు గట్టిగా పట్టుకోండి’ అంది. పట్టుకున్నాను. ‘ఎడమ చెయ్యి. ఇప్పుడు కాలు కదపండి. రెండోది.’ కదిపాను. నోట్లో గొట్టం ఉంది, మాట్లాడలేను. ఎవరో ‘నాలుగూ కదుపుతుంది సార్!’ అని గట్టిగా అన్నారు. ఆ గొంతులోని సంతోషం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మర్నాడు గొట్టం తీశాక నా పేరు అడిగారు, ఊరు అడిగారు, ఎక్కడున్నానో అడిగారు. చెప్పాను. ఎడమ తంత్రి కదలదు గనక గొంతు మాత్రం అదే గరగర. ఆ నరం అప్పటికే నలిగిపోయింది, తిరిగి రాకపోవచ్చని సర్జన్ ముందే చెప్పాడు.

ఐసీయూలో ఒక పూట మాత్రం నాకు తికమకగా ఉంది. పైకప్పు మీద చీమలు పాకుతున్నట్టు అనిపించింది. శాంపిల్ బాటిళ్ల మూతలు పెట్టండి, చీమలు పడుతున్నాయని నర్సును కోప్పడ్డానట. ఇంత పెద్ద ఆపరేషన్ తర్వాత కొందరికి ఇలా ఉంటుందనీ, పోతుందనీ డాక్టర్లు చెప్పారు. మరుసటి రోజుకు పోయింది కూడా. కానీ సరిగ్గా ఆ పూటే మా అన్న నన్ను చూడటానికి వచ్చాడు. అద్దంలోంచి చూసి, రెండు ముక్కలు విని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లి చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. ‘మా చెల్లె బతికింది గానీ మనిషి మనిషి లెక్క లేదు.’

నేను ఇంటికి చేరేలోపే ఆ మాట పటాన్‌చెరు చేరింది.

ఇంటికి వచ్చాక చూడవచ్చిన వాళ్లు నా మంచం పక్కన కూర్చుని మా ఆయనతో మాట్లాడేవాళ్లు. మా చిన్నత్త అయితే నా చెయ్యి పట్టుకునే ఆయనను అడిగింది.

‘మనుషుల్ని గుర్తుపడుతున్నదా?’

‘పడుతున్నది. మెల్లమెల్లగ సెట్ అయితది’ అన్నాడు మా ఆయన.

‘అత్తా, మొన్న నీ మోకాలి నొప్పికి ఎల్లిపాయ నూనె రాసుకుంటనన్నవు, తగ్గిందా?’ అని నేనే అడిగాను.

ఆమె ఉలిక్కిపడి, ‘అయ్యో, మాట్లాడుతున్నది!’ అంది. తర్వాత ఆయన వైపు వంగి, గొంతు తగ్గించి, ‘మాట జెర మందమైనట్టున్నది’ అంది.

ఆ గొంతు ఆపరేషన్‌కు ముందు నుంచి అలాగే ఉందని ఆమెకు తెలుసు. తెలిసి కూడా మరిచిపోయింది. అప్పుడు అది ఫ్యాక్టరీ వాసన వల్ల పోయిన గొంతు. ఇప్పుడు పాడైపోయిన మెదడుకు గుర్తు. వచ్చినవాళ్లు నాతో గట్టిగా, ఒక్కో మాట విడదీసి, చంటిపిల్లకు చెప్పినట్టు మాట్లాడేవాళ్లు. నాకు పోయింది గొంతు. చెవులు బాగానే ఉన్నాయి.

వాళ్లు వెళ్లాక మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

‘సెట్ అయితది అంటే ఏంది? ఏం చెడిపోయిందని సెట్ కావాలె?’

‘వాళ్ల నోటికి ఎవడు అడ్డం పడుతడు?’

‘నువ్వు పడు! నా పక్కన కూసున్నది నువ్వు. నన్ను అడుగుమని చెప్పు. మోటార్ కాలిపోయిందని ఎవడన్న అంటే విప్పి సూడకుండ ఒప్పుకుంటవా నువ్వు?’

ఆయన తల వంచుకున్నాడు. మెల్లగా అన్నాడు. ‘నాకు గూడ భయమయ్యింది. ఆ డాక్టర్ చెప్పినవన్ని నా చెవులల్ల తిరుగుతనే ఉన్నయి. నువ్వేమన్న మరిచిపోతే లోపట ధడేల్ మంటది.’

నా కోపం అక్కడ కొంచెం కుంగింది. ఆ మాటలన్నీ ఆయన ఒక్కడే మోశాడు. నాతో కలిసి విని ఉంటే ఇద్దరం మోసేవాళ్లం.

మనిషిని మనిషిగా చూసింది ఆపా ఒక్కతే. నా ఛాతీ మీది కుట్లు ఇంకా ఆరలేదు, చేతిలో సంచితో వచ్చింది. ‘నువ్వు చెప్పిన కొలతకే కుట్టిన, ఇప్పుడు ఒదులైతదేమో’ అని జాకెట్ బయటికి తీసింది. చేతులు పొడుగు పెట్టావని నేనన్నాను. నువ్వే పెట్టమన్నావని ఆమె అంది. కాదన్నాను. ‘ఝూట్ మాట్లాడకు, నా ముందట నిలవడి చెప్పినవు’ అని నామీద కస్సుమంది. ఇద్దరం ఊపిరి ఆడకుండా వాదించుకున్నాం. ఎవరిది తప్పో తేలలేదు. ఆమె వెళ్లాక నేను చాలారోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను.

విశ్రాంతి గడువు ముగుస్తుండగా కంపెనీ నుంచి హెచ్‌ఆర్ మేనేజర్ ఫోన్ చేశాడు. నాకు కాదు, మా ఆయనకు. పక్కనే ఉన్నాను, స్పీకర్‌లో పెట్టమన్నాను.

‘మేడంకు జ్ఞాపకశక్తి ఎట్లున్నదండి? మామూలుగానే ఉంటున్నరా?’

ఈసారి మా ఆయన, ‘ఇక్కడే ఉన్నది సార్, ఆమెనే అడుగుండ్రి’ అన్నాడు. ఫోన్ నా చేతికిచ్చాడు.

అవతల చిన్న తడబాటు. తర్వాత ఒక నవ్వు. ‘మేడం, నమస్తే... ఇయ్యాల ఏ వారం చెప్పగలుగుతరా?’

అదే ప్రశ్న ఆసుపత్రిలో అడిగారు. అక్కడ అడిగినప్పుడు నేను సంతోషంగా జవాబు చెప్పాను. వాళ్లు కాపాడిన దాన్ని సరిచూసుకోవడానికి అడిగారు. ఇతను పోయిందని తేల్చడానికి అడుగుతున్నాడు.

‘బుధవారం. నువ్వు ఈ కంపెనీల చేరినప్పుడు నీకు సేఫ్టీ ట్రైనింగ్ ఇచ్చింది నేను. కండ్లద్దాలు పెట్టుకోకుండ ల్యాబ్‌లకు వస్తే బయటికి పంపిన. ఇంకేమన్న అడుగుతవా?’

అడగలేదు. కానీ నాలుగు రోజులకు కబురొచ్చింది. గుండె డాక్టర్ ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చాలదట, మెదడు డాక్టర్ దగ్గర్నుంచి కూడా కావాలట. ల్యాబ్ పని ‘సున్నితమైనది’ కదా అన్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా కంపెనీలో ప్రొడక్షన్ వైపు పెద్ద హోదాలో ఉన్న ఒకాయనకు అంతకుముందు బైపాస్ జరిగింది. ఆయన గుండెనూ ఆపారు. ఆయన రక్తమూ యంత్రం గుండానే తిరిగింది. ఆయన తిరిగి వచ్చిన రోజు గేటు దగ్గర దండ వేశారు, క్యాంటీన్‌లో కేకు కోశారు. ‘సార్ సింహం’ అన్నారు. సార్‌ను ఇవాళ ఏ వారమని ఎవరూ అడగలేదు. ఆయన చేతికింద రియాక్టర్లు నడుస్తాయి, మంటలంటుకునే సాల్వెంట్లు ఉంటాయి. అదేం సున్నితమైన పని కాదు కాబోలు!

అయినా వెళ్లాను. మా ఆయన సంగారెడ్డి పోయి వకీలుతో మాట్లాడదామన్నాడు. ముందు వాళ్లకు ఏ సాకూ లేకుండా చేస్తానన్నాను. మెదడు డాక్టర్ మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాడు, గడియారం బొమ్మ గీయమన్నాడు, వందలోంచి ఏడు తీసుకుంటూ పొమ్మన్నాడు. అన్నీ చేశాను. ఆయన రాస్తూ, ‘మీకు ఇది ఎందుకు అవసరమైంది?’ అని అడిగాడు. చెబుతుంటే నాకు తెలియకుండానే ఏడుపు వచ్చింది. ఆపరేషన్‌కు ఏడవలేదు, నొప్పికి ఏడవలేదు, అక్కడ ఏడ్చాను. నాకు బుద్ధి ఉందని కాగితం తెచ్చుకోవాల్సి వచ్చినందుకు.

కాగితం ఇచ్చాను, చేరమన్నారు. మొదటి రోజు ల్యాబ్ తలుపు దగ్గరే మా సెక్షన్ హెడ్ ఎదురొచ్చి, ‘మీకు శ్రమ లేకుండ ఏర్పాటు చేసినం మేడం’ అని పాత శాంపిళ్లు దాచే గదికి తీసుకెళ్లాడు. కిటికీ లేని గది. బాటిళ్లకు లేబుళ్లు అంటించాలి. నా బల్ల ముందు నేను పని నేర్పిన అమ్మాయి నిలబడి, తల ఎత్తకుండా పని చేసుకుంటోంది. ఆమె తప్పు లేదు.

నేను ఆ గదిలో కూర్చోలేదు. నేరుగా ప్లాంట్ హెడ్ గదికి వెళ్లాను. ఆయన మీటింగ్‌లో ఉన్నాడు. హెచ్‌ఆర్ మేనేజర్ కూడా అక్కడే ఉన్నాడు. నిలబడే మాట్లాడాను.

‘సార్, నన్ను ఆ గదిల ఎందుకు పెట్టిన్రు?’

‘మీ మంచికే. అంత పెద్ద ఆపరేషన్ తర్వాత... మీ మాట కూడా ఇంకా సరిగ్గా...’

‘నా మాట ఆపరేషన్‌తోని పోలేదు. మీ డాక్టర్ ఉప్పునీళ్లు పుక్కిలించమని పంపినప్పుడే పోయింది. గొంతు మూగబోతుందని మూడుసార్లు ఇదే ఫ్యాక్టరీల మొత్తుకున్న. టెన్షన్ అన్నడు. ఇప్పుడు ఆ గొంతునే సూపెట్టి నాకు మెదడు లేదంటున్నరు.’ ఊపిరి అందక ఆగాను. ‘నా గుండె ఆపిన్రు సార్. మెదడు ఆపలేదు. ఒంట్లె అంతటా రక్తం బంద్ చేసి గూడ దానికి మాత్రం పోసిన్రు. ఒక పిల్ల తెర మీదికెళ్లి కండ్లు తియ్యకుండ కాపాడింది. మీరు ఒక్క ఫోన్ చేసి అది పోయిందని తీర్పు చెప్పిన్రు. నా పనిల తప్పు దొరికితే సూపెట్టుండ్రి, నేనే పోత. దొరక్కపోతే నా బల్ల నాకియ్యుండ్రి.’

ప్లాంట్ హెడ్ హెచ్‌ఆర్ మేనేజర్ వైపు చూశాడు. అతను ఫైలు వైపు చూశాడు. ‘సరే, ఒక వారం ల్యాబ్‌లోనే చెయ్యండి, చూద్దాం’ అన్నాడు ప్లాంట్ హెడ్.

ఆ వారం నేను చేసిన ప్రతి పరీక్షనూ ఇంకొకరితో మళ్లీ చేయించారు. నాకు చెప్పకుండా చేయించారు. చేసిన అమ్మాయే వచ్చి చెప్పింది. అన్నీ సరిపోయాయి. తర్వాత ఆ రెండోసారి చేయించడం ఆగిపోయింది. నా బల్ల నాకు వచ్చింది. తప్పైందని ఎవరూ అనలేదు. ఫ్యాక్టరీ డాక్టర్ మాత్రం ఇప్పటికీ వస్తూనే ఉన్నాడు. మొన్న ప్యాకింగ్‌లో పనిచేసే బిహారీ ఆడపిల్ల ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతోందని వెళితే బలం మాత్రలు ఇచ్చి పంపాడట. ఆ సాయంత్రం నేనే ఆ పిల్లను వెంటబెట్టుకుని బయటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. మెడ ఎముకలో సమస్య, ప్రమాదం లేదన్నారు. దారిలో ఆ పిల్ల, ‘ఆంటీ, ఆప్ కీ ఆవాజ్ కో క్యా హువా?’ అని నా గొంతుకు ఏమైందో అడిగింది.

ఆపరేషన్ తర్వాత నా గొంతు గురించి నన్నే నేరుగా అడిగింది ఆ పిల్ల ఒక్కతే. ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి, నాకు వచ్చిన హిందీలో, లారీల మోత మధ్య నా గరగర గొంతుతోనే, జరిగిందంతా ఆమెకు చెప్పాను.